రెండు రింగులు

సుంగై సుమున్,
జూన్ 6

వదినా,

ఈసారి క్షేమసమాచారాలు అడగడం లేదు. ఒళ్లు మండిపోతోంది, నేరుగా విషయంలోకి వస్తున్నాను.

మీ ఆయన సంతకంతో నాకొక కాగితం వచ్చింది. మీ ఆయన అనే రాస్తున్నాను, గమనించు. ఈ సంగతి తేలేదాకా తాతబాబు అనే మనిషి నీకు మొగుడే గాని నాకు అన్నయ్య కాడు. తెలుగు తరగతుల సమితికి అధ్యక్షుడయ్యాక ఆయన చేసిన మొదటి ఘనకార్యం ఇది. నవంబరు పరీక్ష ఆన్‌లైన్‌లోనే జరుగుతుందట. ఇంటర్నెట్ లేక ఆ పరీక్ష రాయలేని కేంద్రాన్ని పక్క ఊళ్లో కలిపేస్తారట. జాబితాలో మొట్టమొదటి పేరు మా ఎస్టేట్ హాలు. ఇదంతా ఆ కార్యదర్శి జగదీష్ బుర్రలో పుట్టిన పురుగని నాకు తెలుసు. కాని కింద సంతకం పెట్టిన చెయ్యి ఎవరిదో కూడా తెలుసు.

మా పిల్లల్ని తెలుక్ ఇంతాన్‌లో కలుపుతారట. ఎలా వెళ్లాలి? తల్లిదండ్రులు నూనె మిల్లులో షిఫ్టుల్లో ఉంటారు. సాయంత్రం దాటితే బస్సు లేదు. కలపడం అని రాశారు గాని అది మూసేయడమే. నా దగ్గర తొమ్మిది మంది ఉన్నారు వదినా. చేరిన కొత్తలో నేను తెలుగులో అడిగితే తమిళంలో జవాబు చెప్పేవాళ్లు. మొన్న మోగన అనే పద్నాలుగేళ్ల పిల్ల నా ముఖం మీదే "టీచరమ్మా, ఆకలేస్తంది లా, ఇంక ఒగ్గీండి" అంది. చివర ఈ దేశపు 'లా' తగిలించినా నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. ఒగ్గలేదనుకో, పాఠం అయ్యాకే వదిలాను.

ఇక్కడి ఫోన్ సిగ్నల్ సంగతి నీకు తెలిసిందే. చుట్టూ పామాయిల్ తోట. నీ వాట్సాప్ నాకు అందాలంటే నీళ్ల ట్యాంకు పక్కన చెయ్యి పైకెత్తి నిలబడాలి. వచ్చే ఏడు టవరు పెడతామని ఏటేటా చెబుతారు. అందుకే నువ్వూ నేనూ ఇంకా స్టాంపులు అంటించుకుంటున్నాం.

అయితే హాల్లో పాత టెలిఫోన్ ఉంది. అది పిల్లల సంరక్షణ గదిగా ఉన్న రోజుల్లో ఎస్టేట్ వాళ్లు వేయించిన తీగ. ఎత్తి చూశాను, బుయ్యిమంటోంది. బజార్లో నేను నడిపిన సైబర్ కెఫే గుర్తుందా? ఆరు కంప్యూటర్లకు ఒక్క టెలిఫోన్ లైను. మూలన తెర లేని పాత పెట్టె ఒకటి ఉండేది. ఫోన్ కలపడం దాని పని, కలిసిన ఆ ఒక్క దారినీ మిగతా ఆరింటికీ పంచడం కూడా దాని పనే. రౌటర్ అంటారు. కొత్తది కొనకుండా పాత కంప్యూటర్‌నే నేను అలా నిలబెట్టాను. ఊరంతా దాని మీదే పరీక్షా ఫలితాలు చూసుకుంది. ఆ పెట్టెలన్నీ మా వెనక గదిలోనే ఉన్నాయి.

చిక్కల్లా ఒక్కటే. ఆ రోజుల్లో అవతల ఫోన్ ఎత్తడానికి ఇంటర్నెట్ అమ్మే కంపెనీ ఉండేది. ఇప్పుడు లేదు. నా పెట్టె ఫోన్ చేస్తే ఎత్తడానికి ఇంకో పెట్టె కావాలి. దాని వెనక అసలైన ఇంటర్నెట్ ఉండాలి. పాత టెలిఫోన్ లైనూ కొత్త ఇంటర్నెట్టూ రెండూ ఉన్న ఇల్లు నాకు తెలిసి ఒకే ఒక్కటి ఉంది.

అందులో నువ్వు ఉంటావు.

నీ మరదలు
రామలక్ష్మి

---

ఇపో,
జూన్ 15

మరదలు పిల్లకి,

అరవై దాటినా నువ్వు నాకు మరదలు పిల్లవే, కోపం తెచ్చుకోకు.

నీ ఉత్తరం ఆయన చేతి మీదుగానే వచ్చింది. కవరు మీద నీ చేతిరాత చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, కవరు నా కుట్టుమిషను మీద పెట్టి వెళ్లిపోయారు. ఇంకొకరి ఉత్తరం విప్పడం ఆయన దృష్టిలో నేరం. ఆ ఒక్క గుణం వల్లే నువ్వూ నేనూ ఇన్నాళ్లుగా ఆయన మీద చాడీలు రాసుకోగలిగాం.

నువ్వు అడిగిందేమిటో నీకు తెలుసా? అధ్యక్షుడి ఇంట్లోనే, అధ్యక్షుడి ఇంటర్నెట్‌తోనే, అధ్యక్షుడు పెట్టిన సంతకాన్ని వమ్ము చేయమంటున్నావు. చదివి ముందు భయమేసింది. తర్వాత నవ్వొచ్చింది. ఆ తర్వాత వంటింట్లోకి వెళ్లి టీ పెట్టుకుని, ఇంకోసారి చదువుకుని, సరే అనుకున్నాను.

పార్వతీపురం నుంచి పెళ్లై సముద్రం దాటి ఈ ఇంటికి వచ్చిన కొత్తలో చుట్టూ ఏం మాట్లాడుతున్నారో అర్థంకాక నేను ఏడుస్తుంటే, ముఖమైనా సరిగా చూడని నాకు ఎస్టేట్ నుంచి తెలుగులో ఉత్తరం రాసినదానివి నువ్వు. ఆ ఉత్తరం ఇంకా నా దగ్గరుంది. అక్షరాలు వంకర. అయినా నాకు ప్రాణం లేచొచ్చింది. మీ పిల్లల తరగతి మూతపడుతుంటే నేను జాకెట్లు కుట్టుకుంటూ కూర్చోను.

పాత లైను సంగతి నువ్వు సరిగ్గానే పట్టావు. తీయించేద్దామని కంపెనీ వాళ్లు ఎన్నిసార్లు అడిగినా ఆయన ఒప్పుకోరు. "అమ్మకి నోటికొచ్చిన నంబరు ఇదొక్కటే" అంటారు. అత్తయ్య పోయి రెండేళ్లయింది. ఆ నంబరుకు ఎవరు చేస్తారని నేను అడగను.

నా షరతులు చెబుతున్నాను. పెట్టె చప్పుడు చేయకూడదు. కుట్టు గదిలో గుడ్డ కింద పట్టాలి. ఏం చేయాలో నాకు వంట చెప్పినట్టు చెప్పాలి.

ఇక జగదీష్ బుర్రలో పుట్టిందని రాశావు. అలాగే అనుకో.

వదిన
జ్ఞానప్రసూన

---

సుంగై సుమున్,
జూలై 2

వదినా,

నువ్వు బంగారానివి. ఈ మాట మళ్లీ రాయను, దాచుకో.

సెల్లప్పన్ కొబ్బరికాయల లారీ శుక్రవారం ఇపో మార్కెట్‌కు వస్తుంది. బస్తాల మధ్య పాత చీరలో చుట్టిన పెట్టె ఉంటుంది. దాంతో పాటు పాలలో కలుపుకునే మైలో పొడి డబ్బా ఒకటి. డబ్బాలో బియ్యం ఉంటాయి, వండేయకు. ఆ బియ్యంలో ఫ్లాపీ ఉంది. మన చెమ్మకు ఫ్లాపీలకు బూజు పడుతుంది. సగానికి సగం పాడైపోయాయి, బియ్యంలో దాచినవే బతికాయి. ఈ పెట్టె బుద్ధంతా ఆ చిన్న పలక మీదే ఉంది. పెట్టెలో ఇంకేమీ లేదు, హార్డ్ డిస్క్ కూడా పీకేశాను. ఫ్లాపీ పెట్టి ఆన్ చేస్తే అది చదువుకుంటుంది, గరగరమంటుంది, తన పని తాను మొదలుపెడుతుంది. ఆపాలంటే స్విచ్ తీసేయ్. సెలవు తీసుకోనక్కర్లేదు.

పెట్టె వెనక రెండు తీగలు ఉంటాయి. సన్నది నువ్వు జాకెట్ల బేరాల కోసం కుట్టు గదిలో పెట్టించుకున్న టెలిఫోన్ గూట్లో గుచ్చు. లావుది అదే గదిలో ఉన్న ఇంటర్నెట్ డబ్బాలో గుచ్చు. రెండూ ఒకదానిలో ఒకటి దూరవు, కాబట్టి నువ్వు తప్పు చేయాలన్నా చేయలేవు. మోడెమ్ అని పక్కన చిన్న డబ్బా ఉంది, దాని మీద ఎర్ర దీపాలు వెలగాలి. నేను ఫోన్ చేస్తే అది ఎత్తుతుంది. అంతే.

మంగళవారం, శుక్రవారం సాయంత్రం ఐదున్నరకు చేస్తాను. తరగతి అయ్యేదాకా మీ ఇంటి హాల్లో ఫోన్ ఎవరూ ఎత్తకుండా చూడు. ఎత్తితే ఇక్కడ నా తొమ్మిది మందీ రోడ్డున పడతారు.

కూడదని ఎవరైనా అంటే నా జవాబు ఇప్పుడే రాసి పెడుతున్నాను. ఆ కాగితం నేను పదిసార్లు చదివాను. ఇంటర్నెట్ ఉండాలని ఉంది. ఎంత వేగంగా ఉండాలో లేదు.

రామలక్ష్మి

---

ఇపో,
జూలై 14

రామలక్ష్మికి,

నీ పెట్టె చప్పుడు చేయకూడదని షరతు పెట్టాను కదా! మంగళవారం సాయంత్రం ఆయన హాల్లో టీ తాగుతున్నారు. ఫోన్ ఒకసారి మోగి ఆగింది. మరుక్షణం నా కుట్టు గదిలో ఎవరినో గొంతు పిసికి చంపుతున్నట్టు కీచుమని మొదలైంది. నేనేం చేశానో తెలుసా? పరుగెత్తి మిక్సీ వేశాను. అందులో ఏమీ లేదు. చేతికందిన కొబ్బరిముక్క పడేసి తిప్పాను. "ఈ యేళప్పుడు పచ్చడేటే?" అన్నారు. "తినాలనిపించింది" అన్నాను. రాత్రి భోజనంలో ఉప్పూ కారం లేని పచ్చడి ఇద్దరం నోరు మూసుకుని తిన్నాం.

శుక్రవారం నాడు మోడెమ్ మీద దిండు పెట్టాను. చప్పుడు తగ్గింది గాని ఇంకో తంటా వచ్చింది. "ఒక్క రింగేటి? ఎవుడో ఆటలాడతన్నాడు. రేపే కంపెనీకి కంప్లైంట్ సేసి లైను సూపిస్తాను" అన్నారు. కంపెనీ మనిషి వచ్చి గూడు తెరిస్తే మన కథ అక్కడితో ముగుస్తుంది. ఎలాగో ఈ వారానికి ఆపాను.

నీకు యంత్రం తెలుసు, నాకు నీ అన్న తెలుసు. అందుకని నేను చెప్పేది విను. మీ ఇంటి అలవాటు మరిచిపోయావా? ఎస్టేట్ కొట్లో ఒక్క ఫోన్ ఉన్న రోజుల్లో, ఊరెళ్లినవాళ్లు చేరాక రెండు రింగులిచ్చి పెట్టేసేవారు. చేరుకున్నాను అని. ఎత్తకూడదు, ఎత్తితే ఖర్చు. ఆయన చదువుకు ఇపో వచ్చినప్పుడు ఆ రెండు రింగుల కోసం అత్తయ్య కొట్టు ముందు నిలబడేదని నువ్వే నాకు చెప్పావు. నేను చూస్తుండగా ఇన్నేళ్లలో ఆయన మూడో రింగు రాకుండా ఫోన్ ఎత్తింది లేదు. పక్కనే కూర్చున్నా ఎత్తరు. చెయ్యి దానంతటదే ఆగిపోతుంది.

అందుకే నీ పెట్టెకు రెండు రింగుల దాకా ఆగి అప్పుడు ఎత్తమని చెప్పగలవా? గొంతు కూడా నొక్కేయాలి, దిండుతో కాదు.

జ్ఞానప్రసూన

---

సుంగై సుమున్,
ఆగస్టు 20

వదినా,

ఇది కాగితం మీద రావడం లేదు. హాల్లో కూర్చుని టైపు చేశాను. నా పెట్టె ఫోన్ చేసింది, రెండు రింగుల తర్వాత నీ పెట్టె ఎత్తింది, ఈ ఉత్తరం నీ కుట్టు గది మీదుగా బయటికి వెళ్లి మళ్లీ నీ టాబ్లెట్‌లోకే వస్తుంది. వీడియో అంటే ఈ తీగ చచ్చినా మోయదు. అక్షరాలు ఎన్నయినా మోస్తుంది. మనకు కావలసింది అక్షరాలే కదా.

రెండో ఫ్లాపీ పంపాక నువ్వు మార్చిన తీరుకు మెచ్చుకుంటున్నాను. రెండు రింగుల ఉపాయం నాకు తట్టనందుకు నాకే సిగ్గుగా ఉంది. మా అమ్మ కూతుర్ని నేనా నువ్వా?

పిల్లలు మొదటి రోజు తెర వంక చూసి ఒకటే నవ్వు. అక్షరాలు ఒక్కో వరుసా దిగుతున్నాయి. "టీచరమ్మా, ఇది సచ్చిపోనాదా ఏటి లా?" అన్నాడు లోగన్. మా క్లాసులో వాడే అందరికన్నా చిన్న, నోరు మాత్రం అందరికన్నా పెద్ద. చావలేదు, నడిచొస్తోందన్నాను. అప్పుడే నాకో ఆలోచన వచ్చి రూలు పెట్టాను. మీ ఆయన ఒక్కడేనా రూళ్లు పెట్టేది? పేజీ పూర్తిగా తెరుచుకునేదాకా ఎవరూ తెలుగు తప్ప ఇంకో మాట మాట్లాడకూడదు. నోరు మూసుకుని కూర్చోవడానికీ వీల్లేదు.

మొదట తెలుగు ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఇప్పుడు చూడాలి నువ్వు. మోగన వాళ్లమ్మ తమిళం, నాన్న మనవాళ్లు. ఆ పిల్ల నిన్న వాళ్ల నాయనమ్మ బాతును తరిమిన కథ చెప్పడం మొదలెట్టింది. కథ సగంలో ఉండగా పేజీ తెరుచుకుంది. "అయ్యో, అప్పుడే వచ్చీసిందా!" అన్నారు అందరూ. నేను పేజీ మూసి మళ్లీ మొదటి నుంచి తెరిచాను.

వేగం ఉన్న వాళ్లకు ఈ భాగ్యం లేదని మీ సమితికి చెప్పాలని ఉంది.

మీ ఆయన ఎలా ఉన్నాడని అడగడం లేదు. ఊరికే రాస్తున్నాను.

రామలక్ష్మి

---

ఇపో,
సెప్టెంబరు 24

రామలక్ష్మికి,

ఇది చేత్తోనే రాస్తున్నాను. కొన్ని మాటలు తీగ మీద పంపబుద్ధి కాలేదు.

ఆయన ఎలా ఉన్నారని అడగలేదు కాబట్టి చెబుతాను. మొదటి మంగళవారం రెండు రింగులు వినబడగానే పేపరు కిందికి దించి "ఎవులో సేరిపోయినారు" అన్నారు. అంతే. మళ్లీ చదువుకున్నారు. శుక్రవారం కూడా అదే మాట. ఇప్పుడు ఆ రెండు రోజులూ ఐదు దాటేసరికి వేరే పని ఉన్నా మానుకుని ఫోన్ పక్క కుర్చీలో కూర్చుంటున్నారు. నిన్న రింగులు ఆగాక కాసేపటికి "అమ్మ పోయినాక ఈ ఇంటికి రెండు రింగులు ఇచ్చినోళ్లు నేరే" అన్నారు. నా వంక చూడలేదు. నేను గుడ్డ కత్తిరిస్తూ ఉండిపోయాను.

ఎవరు చేస్తున్నారని మాత్రం అడగరు. అడిగితే ఆ రింగులు ఆగిపోతాయని భయమేమో.

ఒక అబద్ధం మోస్తున్నాను, ఇంకో మాట కూడా దాచి మోయలేను. జూన్ నుంచి నీకు చెప్పకుండా ఉన్నాను. మీ హాలు పేరు జాబితాలో మొదట పెట్టింది జగదీష్ కాదు. మీటింగు మా ఇంట్లోనే జరిగింది. నేను టీలు ఇస్తున్నాను. ఏ కేంద్రంతో మొదలుపెడదామని అందరూ నీళ్లు నములుతుంటే ఆయనే అన్నారు: "మా ఊరు రాయండి. నా సెల్లెలిది ముందు రాయండి. రేపు నన్నెవుడూ అనకూడదు." ఆ టీ ట్రే అక్కడే విసిరేద్దామనుకున్నాను. విసరలేదు. అందుకే నువ్వు పెట్టె అడిగిన రోజు ఒప్పుకున్నాను.

ఇది తెలిశాక నువ్వు ఇంక ఫోన్ చేయనంటే నేను తప్పు పట్టను.

జ్ఞానప్రసూన

---

సుంగై సుమున్,
అక్టోబరు 3

వదినా,

నేను చేయనని ఎలా అనుకున్నావు?

నీ ఉత్తరం వచ్చింది మంగళవారం మధ్యాహ్నం. చదివి, మడిచి, హాలుకు నడిచి వెళ్లాను. పరాయివాడు చేశాడంటే పోట్లాడి ఊరుకునేదాన్ని. నా అన్నే తన పేరు మచ్చ లేకుండా ఉండాలని నా పేరు ముందు రాయించాడు. తాను న్యాయంగా కనబడటానికి తొమ్మిది మంది పిల్లల నోళ్లు మూయించాలా? ఆయన నాకు అన్యాయం చేసి అందరికీ న్యాయం చేశాననుకుంటున్నాడు. ఏడుపొచ్చింది, ఏడ్చాను. పెట్టె ఆన్ చేసి ఏడ్చాను. అది గరగరమంటుంటే ఎవరికీ వినబడదు.

ఐదున్నరకు ఫోన్ కలిపాను. ఆయన ఎవరో చేరారని అనుకుంటే అనుకోనీ. నా పెట్టె ఫోన్ చేసేది ఆయన్ని ఓదార్చడానికి కాదు.

పరీక్ష నవంబరు మూడో శనివారం. మొదట రాతపరీక్ష, తర్వాత ఒక్కొక్కరూ ఒక పాఠం చదివి రికార్డు చేసి పంపాలి. ఆ రికార్డులు ఎంత చిన్నవి చేసి పంపినా ఒక్కోదానికి చాలాసేపు పడుతుంది. వర్షాకాలం, ఉరుములు. తడిస్తే ఈ తీగ బుసలు కొడుతుంది. అయినా రాయిస్తాను. లైను తెగితే మళ్లీ కలుపుతాను. మళ్లీ తెగితే మళ్లీ కలుపుతాను.

ఆ రోజు ఆయన ఇంట్లోనే ఉంటాడు. అధ్యక్షుడు కదా, ఏ కేంద్రం హాజరైందో చూసుకుంటూ కూర్చుంటాడు. నీకు భయమైతే ఇప్పుడే చెప్పు, వేరే దారి చూసుకుంటాను. వేరే దారి లేదని నీకూ తెలుసు.

రామలక్ష్మి

---

ఇపో,
నవంబరు 22

రామలక్ష్మికి,

నాకు భయమేసింది. చెప్పకుండా ఊరుకున్నాను.

శనివారం పొద్దున నువ్వు మొదట కలిపినప్పుడు ఆయన ఫోన్ పక్కనే టాబ్లెట్ పెట్టుకుని కూర్చున్నారు. రెండు రింగులు. "శనివారం కూడానా?" అన్నారు. తర్వాత తెర మీద సుంగై సుమున్ హాజరు అని కనబడింది. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఎలాగ?" అన్నారు తనలో తాను.

పది దాటాక వాన మొదలైంది. నీ దగ్గర కూడా అదే వాననుకుంటాను. మళ్లీ రెండు రింగులు. కాసేపటికి మళ్లీ రెండు. "ఒకే రోజు ఎన్నిసార్లు సేరుకుంటారే?" అన్నారు. ఈసారి నా వంక చూశారు. నేను సూదిలో దారం ఎక్కించుకుంటున్నాను. ఎక్కలేదు.

అప్పుడు జగదీష్ ఆయన సెల్‌కు చేశాడు. ఫోన్ స్పీకరు మీద ఉంది, నేనంతా విన్నాను. "అన్నా, సుంగై సుమున్ పేపర్లు తొమ్మిదీ మీ ఇంటి నుంచి వస్తన్నాయి. ఏటిది?" ప్రతి ఇంటి ఇంటర్నెట్‌కూ ఒక చిరునామా ఉంటుందట. ఆయన రోజూ సమితి పని చూసే చిరునామా, మీ పిల్లల చిరునామా ఒకటే అయ్యేసరికి వాడికి దొరికిపోయింది. నాకు ఈ సంగతి ఎందుకు చెప్పలేదు నువ్వు? చెబితే ఒప్పుకోననుకున్నావా? అయినా ఒప్పుకునేదాన్ని.

ఆయన లేచి కుట్టు గదిలోకి వచ్చారు. గుడ్డ ఎత్తారు. ఎర్ర దీపాలు వెలిగి ఆరుతున్నాయి.

"ఏటే ఇది?" అన్నారు.

"మీ చెల్లెలు" అన్నాను.

రామలక్ష్మీ, ఆ మాట ముందే అనుకున్నది కాదు, నోట్లోంచి వచ్చేసింది. "ఆ రెండు రింగులు?" అన్నారు. నేనే పెట్టించానని చెప్పాను. "ఇది ఆపితే ఏటవుద్ది?" అన్నారు. "తొమ్మిది మందీ ఆగిపోతారు. ఆపుతారో ఆపరో మీ ఇష్టం, నేను మాత్రం స్విచ్ ముట్టను" అన్నాను. నలభై ఏళ్ల కాపురంలో ఆయనతో అలా మాట్లాడలేదు. క్షమించమని కూడా అడగలేదు.

నా స్టూలు మీద కూర్చున్నారు. జగదీష్ ఇంకా లైన్లోనే ఉన్నాడు. "అన్నా, రద్దు సేసేద్దునా?"

ఆయన సెల్ నోటి దగ్గరికి తెచ్చుకున్నారు. "రూల్లో ఏటి రాసినాం? ఇంటర్నెట్ ఉండాలని రాసినాం. ఉన్నాది. ఎవులింటిదని రాయనేదు, ఎంత బేగి రావాలని రాయనేదు. ఆ రూలు రాసినోడ్ని నేను. నాకు సెప్పకు."

అచ్చం నువ్వు జూలైలో రాసిన వాక్యం. మీ ఇద్దరినీ ఒక గదిలో పెట్టి తాళం వేయాలి.

అంతలో పెద్ద ఉరుము. మోడెమ్ దీపాలన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. ఆయన నాకంటే ముందు లేచారు. హాల్లోకి వెళ్లి ఫోన్ మీద రెండు చేతులూ అడ్డం పెట్టి కూర్చున్నారు, ఎవరో వచ్చి ఎత్తేస్తారన్నట్టు. ఇంట్లో నేను తప్ప ఎవరున్నారు? చాలాసేపు మోగలేదు. నాకు తెలుసు నువ్వు అక్కడ తిట్టుకుంటూ తిప్పలు పడుతున్నావని. చివరికి మోగింది. ఒకటి. రెండు. ఆగింది.

"సేరింది" అన్నారు.

మర్నాడు సమితి కూర్చుంది. ఆయన అధ్యక్షుడి కుర్చీలోంచి లేచి సభ్యుల మధ్యకు వెళ్లి కూర్చున్నారట. "అది నా సెల్లెలు, అది నా ఇల్లు. మీరే తేల్చండి" అన్నారట. జగదీష్ గొడవ చేశాడు. చివరికి పరీక్ష చెల్లుతుందని, కేంద్రం ఉంటుందని రాసుకున్నారు.

ఇంట్లో నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు పెట్టె మీద గుడ్డ తీసేసి, "గాలాడక వేడెక్కిపోద్ది" అన్నారు.

జ్ఞానప్రసూన

---

సుంగై సుమున్,
డిసెంబరు 12

వదినా,

ఫలితాలు వచ్చాయి. నీకు ముందే తెలిసి ఉంటుంది, అయినా నా చేత్తో రాయాలని ఉంది. అందరూ గట్టెక్కారు. మోగన తన పాఠం చదువుతుండగా వెనక ఉరుము కూడా రికార్డయింది. దిద్దినవాళ్లు మార్కులు కోయలేదు.

చిరునామా సంగతి నాకు తెలుసు. చెప్పలేదు. దొరికితే దొరకనీ అనుకున్నాను. దొంగచాటుగా బతికించుకున్నది ఎంతకాలం బతుకుతుంది? ఎప్పుడో ఒకప్పుడు ఆయన ఇంటి చిరునామా మీదే బయటపడాలి. నిన్ను ఇరికించాను, అందుకు తిట్టు. ఆయన్ని ఇరికించినందుకు మాత్రం తిట్టకు.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న సాయంత్రం, నేనింకా పెట్టె ఆన్ చేయకముందు, హాల్లో ఫోన్ మోగింది. మన ఫోన్ బయటికి చేయడమే గాని దానికి ఎవరూ చేయరు. పిల్లలకు అది మోగుతుందనే తెలియదు. లోగన్ "టీచరమ్మా, ఫోనూ!" అని అరుస్తూ పరుగెత్తాడు. ఆగమన్నాను. అందరం నిలబడి చూస్తున్నాం. రెండు మోగింది. ఆగిపోయింది.

"ఎవులు టీచరమ్మా? ఎందుకు పెట్టీసినారు?" అంది మోగన. గోడ వైపు తిరిగి బోర్డు తుడిచాను. బోర్డు మీద ఏమీ రాసి లేదు.

రాత్రంతా ఆలోచించాను. నాకు సంతోషమేసిందని నీ దగ్గర దాచను. కాని రెండు రింగులకు అర్థం చేరుకున్నానని. ఆయన ఎక్కడికి చేరుకున్నాడు? ఇపోలో ఫోన్ పక్క కుర్చీలో కూర్చుని చేరుకున్నానంటే నేను ఒప్పుకోను. నా పేరు జాబితాలో ముందు రాయించిన సంగతి నోటితో చెప్పాలి, నేను వినాలి. తర్వాత హాలుకు వచ్చి, ఈ పిల్లల ముందు కూర్చుని, ఒక పేజీ తెరుచుకునేదాకా తెలుగులో కబుర్లు చెప్పాలి. మోగన బాతు కథ ఇంకా పూర్తి కాలేదు.

మా అమ్మ ఆ రెండు రింగులకే కొట్టు ముందు నిలబడి మురిసిపోయేది. నేను అమ్మను కాను.

అన్నయ్యతో చెప్పు. మూడో రింగు దాకా ఆగమను. ఎత్తుతాను.

రామలక్ష్మి